కార్డు పాయింట్లతో అమ్మను బిజినెస్ క్లాసులో మెల్‌బోర్న్ పంపాలి, ఎలా?

రాయగడ మందుల షాపు

నమస్కారం. రాయగడలో మాది మందుల హోల్‌సేల్. స్టాకు డబ్బులన్నీ కొన్నేళ్లుగా క్రెడిట్ కార్డు మీదే కడుతున్నాను. పాయింట్లు రెండు లక్షలు దాటాయి. చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది, జనవరి చివర్లో పురుడు. నేను షాపు వదిలి కదల్లేను, అమ్మ ఒక్కతే వెళ్లాలి. డెబ్బై దాటాయి. తెలుగు, ఒడియా తప్ప వేరే భాష రాదు. విశాఖ దాకా రైల్లో కూర్చుంటేనే పాదాలు వాచిపోతాయి. నాన్న పోయాక కౌంటర్ దగ్గర రోజంతా నిలబడి మమ్మల్ని చదివించింది, మోకాళ్లు అలా అరిగినవే.

ఈ పాయింట్లకు బ్యాంకు వాళ్లు మిక్సీలు, సూట్‌కేసులు చూపిస్తున్నారు. బిల్లులో తగ్గించుకుంటే పాయింటుకు పావలా. విమాన కంపెనీల మైళ్లుగా, అంటే టికెట్‌కి వాడుకునే వాళ్ల పాయింట్లుగా, మార్చుకుంటే బిజినెస్ క్లాసు వస్తుందని విన్నాను. చెల్లెలు ఎకానమీ చాలంటోంది. నాకు మాత్రం అమ్మ కాళ్లు చాపుకుని పడుకుని వెళ్లాలని ఉంది. పాయింట్లు ఇప్పుడే మార్చేయనా?

బరంపురం నుంచి

తమ్ముడూ, ఇప్పుడే మార్చకు. బ్యాంకు పాయింట్లు ఒకసారి విమాన కంపెనీకి వెళ్లాక వెనక్కి రావు. ముందు మైళ్లతో దొరికే సీటు కనబడాలి, తర్వాతే మార్చాలి. కొన్ని కార్డులకు మైళ్లు పడటానికి రోజులు పడుతుంది, ఆ టెన్షన్ ఉంటుంది. అయినా సీటు చూడకుండా మార్చడం కన్నా అదే నయం.

మీ అమ్మగారికి సింగపూర్ ఎయిర్‌లైన్స్ బాగా కుదురుతుంది. హైదరాబాద్‌లో ఎక్కితే సింగపూర్‌లో ఒక్క మార్పు, అంతే. వాళ్ల మైళ్ల పథకం పేరు క్రిస్‌ఫ్లయర్. ఖాతా నీ పేరున తెరువు, ఎందుకంటే బ్యాంకు సాధారణంగా కార్డుదారుడి సొంత ఖాతాకే పాయింట్లు పంపుతుంది. తర్వాత అమ్మను అందులో నామినీగా చేర్చు, ఐదుగురి దాకా చేర్చవచ్చు. అప్పుడు నీ మైళ్లతో ఆవిడకు టికెట్ తీయవచ్చు.

మైళ్లతో తీసే సీట్లు వేర్వేరు ధరల్లో ఉంటాయి. సేవర్ అనే రకానికి తక్కువ మైళ్లు, కానీ దొరకడం కష్టం. అడ్వాంటేజ్‌కి ఎక్కువ. ప్రయాణానికి 355 రోజుల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి దాకా ఆస్ట్రేలియాలో వేసవి సెలవులు, ఆ రోజుల్లో సేవర్ మీద ఆశ పెట్టుకోకు. నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో పంపేస్తే మేలు, మీ చెల్లెలికీ చివరి నెలల్లో తోడుంటుంది. సేవర్‌కి వెయిట్‌లిస్టు పెట్టుకోవచ్చు గానీ పురుటికి వెళ్లే మనిషిని వెయిట్‌లిస్టు మీద ఉంచవద్దు.

మైళ్ల టికెట్ అంటే పూర్తిగా ఉచితం కాదు, పన్నులు మనమే కట్టాలి. సొంత విమానాల మీద మైళ్ల టికెట్లకు సింగపూర్ వాళ్లు ఇంధన సర్‌చార్జి వేయరు, అది పెద్ద ఊరట. కొన్ని కంపెనీల్లో ఆ సర్‌చార్జే గుండె ఆగేంత ఉంటుంది.

రానూపోనూ రెండింటికీ మైళ్లు చాలకపోతే వెళ్లేటప్పటికి మాత్రం వాడు. ఒకవైపు టికెట్ విడిగా తీయవచ్చు.

జయపురం నుంచి

హైదరాబాద్ దాకా ఎందుకండీ? విశాఖ నుంచే సింగపూర్‌కి స్కూట్ అనే చవక విమానం ఉంది. అది డబ్బు పెట్టి కొని, సింగపూర్ నుంచి మెల్‌బోర్న్‌కి మాత్రం మైళ్లతో బిజినెస్ తీయండి. పెద్ద ప్రయాణం అదే, ఏడెనిమిది గంటలు. మైళ్లు సగానికి సగం కాకపోయినా బాగానే మిగులుతాయి. వీల్‌చైర్ సాయం ఎకానమీ వాళ్లకూ ఉచితమే.

బరంపురం నుంచి

మీరు చెప్పింది కుర్రవాళ్లకు చక్కగా సరిపోతుంది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే, సామాను సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని పూచీ ఎవరిదీ కాదు. భాష రాని పెద్దావిడను ఒంటరిగా ఆ పరిస్థితిలో పెట్టడానికి నేను ఒప్పుకోను. పైగా స్కూట్‌లో పడుకునే సీటు లేదు, అది ఎక్కువగా రాత్రి ప్రయాణం.

తమ్ముడూ, ఇంకో మాట. విశాఖ నుంచి హైదరాబాద్‌కి విడి టికెట్ తీస్తే అక్కడ మామూలుగా 15 కిలోలే. బిజినెస్ క్లాసులో 40 కిలోలు ఇస్తారు కదా అని సంచులు నింపితే విశాఖలోనే అదనంగా కట్టాలి. వీలైతే నువ్వు కూడా హైదరాబాద్ దాకా వెళ్లి కౌంటర్ దగ్గర దింపు. వీల్‌చైర్ టికెట్ తీసేటప్పుడే రాయించు, సింగపూర్‌లో గేటు మారేటప్పుడు మనిషి ఆవిడ వెంటే ఉంటాడు. శాకాహారమైతే కనీసం 24 గంటల ముందు చెప్పాలి. బాలింత కోసం శొంఠి, వాము, కాయం పట్టుకెళ్తారు, అవన్నీ దిగేముందు ఇచ్చే కార్డులో తప్పకుండా చూపించాలి. ఆస్ట్రేలియాలో దాచిపెడితే జరిమానా గట్టిగా ఉంటుంది. ఆ కార్డు నింపడం ఆవిడకు కష్టం. మీ చెల్లెలు ఏయే గడిలో టిక్ పెట్టాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి పంపితే విమానంలో ఎవరైనా సాయం చేస్తారు.

రాయగడ మందుల షాపు

అన్నా, చాలా థాంక్స్. ఖాతా ఈ రాత్రే తెరుస్తాను. ఒక్క సందేహం. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. ఆధార్‌లో వేరేలా ఉంది.

బరంపురం నుంచి

ఆధార్ పక్కన పెట్టు, పాస్‌పోర్టే ప్రమాణం. ఇంటిపేరు లేనివాళ్లది టికెట్‌లో ఎలా రాయాలో విమాన కంపెనీకి ఫోన్ చేసి అడిగి, నామినీ పేరు కూడా అలాగే రాయించు. వీసా దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టు మార్పించాలనుకుంటే మాత్రం ఆ పని అయ్యాకే నామినీని చేర్చు.