చెన్నైలో క్రైస్తవ కళాశాలలో కంప్యూటేషనల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ: పంపొచ్చా?

చిత్తూరు మేనమామ:
అందరికీ నమస్తే. మా అక్క కూతురు తిరుపతిలో బీఎస్సీ ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్) పూర్తి చేసింది. చెన్నైలో పేరున్న ఒక క్రైస్తవ కళాశాలలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు వచ్చింది. అందులో కంప్యూటేషనల్ అప్లైడ్ ఫిజిక్స్ అని స్పెషలైజేషన్ ఉందంట. పీజీసెట్ ర్యాంకు మీద ఎస్వీ యూనివర్సిటీలో మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ కూడా వచ్చేలా ఉంది. సోమవారం లోపల చెన్నైలో ఫీజు కట్టాలి. మా బావ ఒప్పుకోవడం లేదు. మన పిల్లకు ఆ మతం కాలేజీలో ఏం పని అంటాడు, ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది అంటాడు. నాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలు తోలించే వ్యాపారం, ఈ ఫిజిక్స్ సంగతి నాకేం తెలుసు. తెలిసినవాళ్లు చెప్పండి.

అలిపిరి మెట్లు:
వద్దు. ఎస్వీయూ 1954 నుంచి మన ఊళ్లోనే ఉంది. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో వచ్చాయి. ఇంత చదువు ఇంటి ముందర పెట్టుకుని పిల్లను ప్రార్థనల కాలేజీకి పంపడం ఏమిటండీ? మొదటి ఏడాది క్రిస్మస్ పాటలు అంటారు, రెండో ఏడాది చాపెల్, అదే కాలేజీలో ప్రార్థన మందిరం, అంటారు. ఆ తర్వాత బొట్టు పెట్టుకోమంటే విసుక్కుంటుంది. చూశాను కాబట్టి చెబుతున్నా.

మజ్జిగ ప్యాకెట్:
ఐఐటీ ఇంటి ముందర ఉంటే సరిపోదు అన్నా, ఎమ్మెస్సీ సీటుకు జామ్ పరీక్ష కూడా రాయాలి.

పాకాల జంక్షన్:
మేనమామ గారూ, నేను అలాంటి కాలేజీలోనే చదివాను. చాపెల్ ఉంటుంది, వెళ్లేవాళ్లు వెళ్తారు. వెళ్లకపోతే ఎవరూ అడగరు. ఇది కాలేజీ వాళ్ల మంచితనం కూడా కాదు, రాజ్యాంగమే చెప్పింది. 28వ అధికరణ మూడో క్లాజు చూడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ, ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలో గానీ చదివేవాళ్లను వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకూ ప్రార్థనకూ హాజరు కావాలని బలవంతపెట్టకూడదు. మైనర్లయితే గార్డియన్ సమ్మతి కావాలి.

ఇంకొకటి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు చదివింది మన తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో. తర్వాత వేలూరు వూర్హీస్ కాలేజీ, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. ఆయన ఏ మతంలోకి పోయారు?

అలిపిరి మెట్లు:
మీరే మంచి ఉదాహరణ ఇచ్చారు. ఆ కాలేజీలో హిందూ మతం మీద విమర్శలు వినీ వినీ కదా ఆయన వేదాంతం మీద థీసిస్ రాయాల్సి వచ్చింది. ఆ సంగతి ఆయనే రాసుకున్నారు. అందరి పిల్లలూ రాధాకృష్ణన్‌లా తట్టుకుంటారా?

సమ్మతి లేకుండా కుదరదన్నారు. ఆ సమ్మతి ఎక్కడ తీసుకుంటారో తెలుసా? అడ్మిషన్ ఫారం వెనకాల సన్నక్షరాల్లో. మేనమామ గారూ, ఆ ఫారం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అది చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు.

కార్వేటినగరం:
నేను డిగ్రీ చదివింది టీటీడీ కాలేజీలో. స్వామి పటం ఎదురుగానే పరీక్షలన్నీ రాశాను. నా స్నేహితుడు ముస్లిం, వాడూ అక్కడే రాశాడు, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మతం మాట పక్కన పెట్టి కోర్సు గురించి ఎవరైనా చెబుతారా?

బెంగళూరు బస్సు:
కోర్సు గురించి నేను చెబుతా. దండగ. మా ఆఫీసులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ టెస్టింగే చేస్తున్నారు. పైథాన్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. దానికి చెన్నైలో హాస్టల్, రెండేళ్ల ఫీజు ఎందుకు? ఎంసీఏ చేర్పించండి.

గాదంకి గాలి:
బెంగళూరు బస్సు గారూ, పైథాన్ నేర్చుకోవడం, ఫిజిక్స్ లెక్క కట్టడం ఒకటి కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. అక్కడ పై గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌కి 1024 యాగీ యాంటెనాలు, 53 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. నేను కొంతకాలం ఆ డేటాతో పనిచేశాను. పైకి పంపిన తరంగం గాలిలోని సుడుల మీద పడి చెదిరి, అతి బలహీనంగా వెనక్కి వస్తుంది. దాన్నుంచి గాలి వేగం తీయాలి. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేసి, అంటే తరంగాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి, గాలి కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చిన డాప్లర్ మార్పు ఎంతో పట్టుకోవాలి. ప్రోగ్రాం రాయడం పెద్ద విషయం కాదు. స్క్రీన్ మీద గ్రాఫులో గుట్టలా లేచేది నిజంగా గాలిదా, నేల మీది కొండ నుంచి వచ్చిందా, పక్క కరెంటు లైను రొదా అని గుర్తుపట్టాలి. అది తెలియాలంటే ఫిజిక్స్ కావాలి.

అందుకే మేనమామ గారు అడగాల్సింది చాపెల్ గురించి కాదు. ల్యాబులో పిల్లల చేత ఏం చేయిస్తారో అడగండి.

అలిపిరి మెట్లు:
ఫారం ఫోటో ఇంకా పెట్టలేదు.

బెంగళూరు బస్సు:
గాదంకిలో ఎంతమందికి ఉద్యోగాలున్నాయి సార్? నలుగురికా? మిగతావాళ్లు ఏం చేయాలి? మా తమ్ముడు ఎమ్మెస్సీ చేసి, ఆ తర్వాత ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాడు. నెల జీతం చెప్తే మీరు నవ్వుతారు. వాడి పెళ్లి చూపుల్లో అందరూ అడిగేది ఒకటే, పర్మనెంటా కాదా అని. సైన్సు మీద ప్రేమ ఉన్నవాళ్లు జీతం అవసరం లేనివాళ్లే.

గాదంకి గాలి:
మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. దానికి కారణం ఫిజిక్స్ కాదు, ప్రైవేటు కాలేజీలు. ఎంసీఏ చేసి అదే కాలేజీలో చేరినా అదే జీతం ఇస్తారు.

ల్యాబు గురించి వివరంగా చెబుతా, మేనమామ గారికి పనికొస్తుంది. సూర్యుడి చుట్టూ భూమిని తిప్పే ప్రోగ్రాం రాయమని మొదటి సెమిస్టర్‌లో ఎవరైనా ఇస్తారు. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి లెక్కకట్టే ఆయిలర్ పద్ధతిలో రాస్తే ఎర్రర్ రాదు, గ్రాఫ్ కూడా అందంగానే వస్తుంది. కొన్ని చుట్లయ్యాక చూస్తే భూమి మెల్లగా బయటికి జరుగుతూ ఉంటుంది. బయటి నుంచి ఏమీ ఇవ్వకుండానే శక్తి పెరిగిపోతుంది. వేగం, స్థానం రెంటినీ పాత విలువలతోనే లెక్కించడం వల్ల అది జరుగుతుంది. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో స్థానం మార్చండి. కక్ష్య నిలబడుతుంది. మారింది ఒక్క లైనే. మంచి మాస్టారు ఆ తప్పు ప్రోగ్రాం ముందు పిల్లల చేతే రాయిస్తాడు, శక్తి లెక్క గ్రాఫ్ గీయమంటాడు, ఎందుకు పెరిగిందో వాళ్లనే చెప్పమంటాడు. మామూలు మాస్టారు రికార్డులో ప్రోగ్రాం కాపీ చేయించి సంతకం పెడతాడు.

రెండో రకం ల్యాబు అయితే ఆ కాలేజీ ఏ మతానిదైనా పోవద్దు. మొదటి రకం అయితే పంపండి. అక్కడ ఇప్పుడు చదువుతున్న సీనియర్ ఎవరినైనా పట్టుకుని, పోయిన సెమిస్టర్‌లో నువ్వు సొంతంగా రాసిన ప్రోగ్రాం ఒకటి చూపించు అని అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మజ్జిగ ప్యాకెట్:
నాకిప్పుడు మా ల్యాబు మాస్టారి సంతకం గుర్తొచ్చింది.

చిత్తూరు మేనమామ:
గాదంకి గారూ చాలా థ్యాంక్స్. పాపకు చదివి వినిపించాను. ఆ భూమి సంగతి తను డిగ్రీ ప్రాజెక్టులో చేసిందంట, మీరన్నట్టే జరిగిందంట, అప్పుడు కారణం ఎవరూ చెప్పలేదంట. ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది, అన్నానికి పిలిస్తే రావడం లేదు.

ఫారం కూడా చూశాను. ప్రార్థన గురించి ఏమీ లేదు. క్రమశిక్షణ పాటిస్తామని ఉంది, ర్యాగింగ్ చేయమని ఉంది. తండ్రి సంతకం కావాలి, అదే ఇప్పుడు మాకు కష్టంగా ఉంది.

అలిపిరి మెట్లు:
క్రమశిక్షణ అంటే అందులో ఏమైనా పెట్టొచ్చు. సైన్సు గురించి ఇంతసేపు రాశారు కదా, ఆదివారం సృష్టి ఆరు రోజుల్లో జరిగిందని చెప్పి సోమవారం బిగ్ బ్యాంగ్ ఎలా చెబుతారో ఎవరైనా అడిగారా?

కార్వేటినగరం:
విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసి, తర్వాత అదంతా ఒక ఆది అణువు నుంచి మొదలైందని చెప్పిన లెమైత్ర్ క్యాథలిక్ ఫాదర్ అన్నా. ఇది వదిలేయండి.

పాకాల జంక్షన్:
అలిపిరి గారూ, మొదట బొట్టు అన్నారు, తర్వాత ఫారం అన్నారు, ఫారంలో ఏమీ లేదంటే ఇప్పుడు సృష్టి అంటున్నారు. మీ బాధ ఏమిటో నేరుగా చెప్పండి. మా వాళ్లు నడిపే కాలేజీలో మీ పిల్లలు చదవడమే మీకు నామోషీనా?

అలిపిరి మెట్లు:
నామోషీనా? నా పెద్ద కూతురిని నేనే తీసుకుపోయాను అలాంటి కాలేజీకి. పేరు చెప్పను. పొద్దున్నే రైలు ఎక్కి, సెంట్రల్‌లో దిగి, ఎండలో లైన్లో నిలబడ్డాం. నా బిడ్డకు మార్కులు ఎక్కువ. దాని కంటే తక్కువ వచ్చిన పిల్ల పేరు లిస్టులో ఉంది, దాని పేరు లేదు. అడిగితే అది మైనారిటీ కోటా అన్నారు. సగం దాకా సొంతవాళ్లకు పెట్టుకోవచ్చని సెయింట్ స్టీఫెన్స్ కేసులో 1992లో సుప్రీంకోర్టే చెప్పిందంట. 15వ అధికరణ ఐదో క్లాజు కింద మిగతా కాలేజీల్లో పెట్టే రిజర్వేషన్లు కూడా వీళ్లకు లేవు. ఇక మా పిల్లలు దేనికి చదవాలి? బస్సులో తిరిగి వస్తుంటే అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది, తిరుత్తణి దాటేదాకా మాట్లాడలేదు. మీరు నాకు 28వ అధికరణ చెబుతున్నారు.

బెంగళూరు బస్సు:
ఇదన్నమాట.

పాకాల జంక్షన్:
మీ అమ్మాయికి జరిగినందుకు బాధగానే ఉంది. ఇప్పుడు మా సంగతి వినండి.

మా తాతను ఊరి బడిలో లోపలికి రానివ్వలేదు. అరుగు కింద మట్టిలో కూర్చుని విన్నాడు, మాస్టారు పలక ముట్టుకోకుండా దూరం నుంచే కర్రతో చూపించేవాడంట. మిషన్ వాళ్లు వచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. ఆర్కాట్ మిషన్ అమెరికా నుంచి వచ్చి ఈ జిల్లాలో, వేలూరులో బడులూ ఆస్పత్రులూ పెట్టింది 1850ల నుంచి. అప్పుడు అవి మీకు వద్దు, మా కోసం పెట్టినవి. ఇప్పుడు వాటికి పేరొచ్చింది, మీకూ కావాలి. రండి, వద్దనడం లేదు. అందులో మాకు కొన్ని సీట్లు ఉండకూడదంటే మాత్రం ఒప్పుకోను.

మా సీటు గురించి మాట్లాడారు కదా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. వాడలో ఇల్లు అదే, ఊళ్లో చూసే చూపు అదే, సర్టిఫికెట్ మాత్రం మారిపోతుంది. మన రాష్ట్రంలో మాకిచ్చింది బీసీ-సీ రిజర్వేషన్, 1 శాతం. ఆ ఒక్క శాతంలో నా కొడుకు ఇంజినీరింగ్ సీటు పోయింది. వాడు కూడా బస్సులో మాట్లాడలేదు.

అలిపిరి మెట్లు:
మీ తాతకు జరిగినదానికి నా కూతురు ఎందుకు కట్టాలి?

పాకాల జంక్షన్:
నా కొడుకు ఎందుకు కట్టాలి?

మజ్జిగ ప్యాకెట్:
(ఈసారి ఏమీ అనను.)

గాదంకి గాలి:
ఇద్దరూ ఒక్క నిమిషం. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జిల బెంచి ఆ సగం అనే లెక్కను అన్నిచోట్లా ఒకేలా పెట్టనక్కర్లేదంది. కాబట్టి కాలేజీ కాలేజీకీ తేడా ఉంటుంది. మేనమామ గారి మేనకోడలికి వచ్చింది ఏ కోటాలో? క్రైస్తవ కోటాలో అయితే రాదు కదా.

చిత్తూరు మేనమామ:
ఓపెన్‌లోనే వచ్చింది సార్. లిస్టులో పైనే ఉంది పేరు.

ఇందాక బావను ఫోన్లో పట్టుకున్నాను. మీరందరూ రాసింది చదివి వినిపించాను, చివర్లో జరిగిన గొడవ తప్ప. ఆయన అడిగింది ఒకటే, ఆ గాదంకిలో ఆడపిల్లలు పనిచేస్తారా అని.

గాదంకి గాలి:
చేస్తారు. నేను పనిచేసినప్పుడు నాకు ప్రోగ్రాం సరిదిద్ది ఇచ్చింది ఒక మేడమే. రాత్రి అబ్జర్వేషన్ ఉంటే కాంపస్ గెస్ట్‌హౌస్ ఉంది. పీహెచ్‌డీకి రావాలంటే నెట్ గానీ గేట్ గానీ అర్హత పరీక్ష రాయాలి, అది ఏ కాలేజీలో చదివినా తప్పదు. ఆ సంగతి మీ బావగారికి ఇప్పుడే చెప్పండి, రెండేళ్ల తర్వాత కొత్తగా విన్నట్టు కోప్పడకుండా.

బెంగళూరు బస్సు:
నెట్ రాకపోతే? నేను రాసింది ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎంసీఏ.

చిత్తూరు మేనమామ:
బావ సంతకం పెట్టాడు. శనివారం నేనూ పాపా పోతున్నాం. గాదంకి గారు చెప్పినట్టు సీనియర్‌ని ఒకరిని పట్టుకుని ప్రోగ్రాం చూపించమని అడుగుతాం. కాపీ రికార్డు బాపతు అని తేలితే ఫీజు కట్టకుండా వచ్చేసి ఎస్వీయూలో చేరుస్తాం. పాకాల గారూ, హాస్టల్లో మన వంట దొరుకుతుందా?

పాకాల జంక్షన్:
సాంబారు తియ్యగా ఉంటుంది. ఊరగాయ, గోంగూర పచ్చడి సీసా కట్టివ్వండి. రూమ్మేట్లు ఖాళీ చేసేస్తారు కాబట్టి రెండు సీసాలు.

అలిపిరి మెట్లు:
మేనమామ గారూ, ఎలాగూ పోతున్నారు కదా. ఓపెన్ లిస్టులో చివరి సీటు ఎన్ని మార్కులకు ఆగిందో ఆఫీసులో అడిగి ఇక్కడ పెట్టండి. కోటా లిస్టుది కూడా. మా చిన్నమ్మాయి వచ్చే ఏడాది డిగ్రీ ఫైనలియర్, అదీ ఫిజిక్సే.