అప్‌డేట్: ఇంటి కారు షెడ్డులో గేర్‌బాక్స్ దించొచ్చా? పని పూర్తయింది

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి షెడ్డులోనే రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చుకోవచ్చా, పార్కింగ్ టైల్స్ మీద జాక్ స్టాండ్లు (లేపిన కారును మోసే ఇనుప స్టాండ్లు) ఆగుతాయా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. క్లచ్ మారింది, బండి బీచ్ రోడ్డులో హాయిగా తిరుగుతోంది.

"ముందు నేల ఎవరికైనా చూపించండి" అన్న సలహానే అసలు పనికొచ్చింది. తెలిసిన సివిల్ ఇంజనీర్ గారు వచ్చి సుత్తి పిడితో ఒక్కో టైలూ తట్టుకుంటూ వెళ్లారు. వెనక స్టాండ్లు పెట్టాలనుకున్న చోటే డొల్ల శబ్దం. టైల్ ఎత్తి చూస్తే కింద ఇసుక కుంగిపోయి ఖాళీ. స్టాండ్లు వచ్చే చోట్ల టైల్స్ తీసేసి ఎం25 గ్రేడ్ (గట్టిదనాన్ని చెప్పే అంకె) కాంక్రీట్ పోయించాం, బాగా తడిపి, 28 రోజులు ఆగాకే కారు లేపాం. ప్లైవుడ్ పరిస్తే చాలన్నారు కొందరు. కింద డొల్లగా ఉంటే అది చాలదని ఆయన గట్టిగా చెప్పారు.

కారు ఎంత ఎత్తు లేపాలో ముందే కొలుచుకోండి. జాక్ మీదున్న గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్‌తో (క్లచ్‌ని కప్పి ఉంచే గంట ఆకారపు ముందు భాగం) సహా, కారు అంచు కింద నుంచి బయటికి రావాలి.

ఇంకోటి, మన ఉప్పు గాలి. విప్పిన ఫ్లైవీల్‌కి (క్లచ్ ఆనుకునే ఇంజన్ చక్రం) పలచగా నూనె రాసి కవర్‌లో చుట్టాను, తుప్పు పట్టలేదు. బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడవాల్సిందే, జిడ్డుంటే క్లచ్ జారుతుంది.

కారును ఎత్తే లిఫ్ట్, నేలకు వేసే ఎపాక్సీ పెయింట్ ఈ పనికి అవసరమే పడలేదు.