హార్స్‌లీ హిల్స్‌కు ఎండాకాలమా, చలికాలమా? రెండు కాలాల్లోనూ చూసినవాళ్లు చెప్పండి

కొర్లగుంట అబ్బాయి
మేం ఎప్పుడు పోయినా మా తిరుపతిలో గంగజాతర అయిపోయాక, మే నెలలోనే పోయాం. ఈసారి పొగమంచు చూడాలని పిల్లలు పట్టుబట్టారు, అందుకే డిసెంబర్, జనవరిల్లో అనుకుంటున్నాం. అమ్మానాన్నలు కూడా వస్తారు. అమ్మకు చలి పడదు, నాన్నకు మోకాళ్ల నొప్పులు. అంత దూరం పోయి గదిలో దుప్పటి కప్పుకుని కూర్చోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

మదనపల్లె వాసి
చలికాలమే రండి అన్నా. మేలో పన్నెండు నుంచి నాలుగు దాకా కొండ మీద కూడా ఎండ ఎండే. అందరూ నిలబడి కిందికి చూసే పెద్ద బండ ఉంది కదా, ఆ గాలిబండ మీద రాయి కాలిపోతుంటుంది, చెప్పుల్లేకుండా నిలబడలేం. గడ్డంతా ఎండిపోయి కొండ చుట్టూ గోధుమ రంగే కనిపిస్తుంది. పైగా సెలవులు కాబట్టి బెంగళూరు కార్లన్నీ ఇక్కడే ఉంటాయి.

లెక్కల సారు, తిరుపతి
మదనపల్లె తమ్ముడు చెప్పింది వాళ్ల ఊరి నుంచి చూస్తే నిజమే, మనకు మాత్రం లెక్క వేరు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, మదనపల్లె దాదాపు 700, హార్స్‌లీ 1,265. వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే మదనపల్లె నుంచి ఎక్కేవాళ్లకు మూడు నాలుగు డిగ్రీల తేడా, మనకేమో ఏడు. ఇక్కడ 42 ఉన్న రోజు అక్కడ 35 దాకా ఉంటుంది. మధ్యాహ్నానికి అదీ వేడే, కానీ సాయంత్రం అయిదు దాటాక మన ఊళ్లో గోడలు వేడి కక్కుతుంటే అక్కడ ఫ్యాన్ లేకుండా నిద్ర పడుతుంది. అసలు ఈ కొండకు ఆ పేరు వచ్చిందే ఎండాకాలం వల్ల. మదనపల్లె కడప జిల్లాలో ఉన్న రోజుల్లో అక్కడి కలెక్టర్ హార్స్‌లీ ఎండలకు తట్టుకోలేక పైన బంగళా కట్టుకున్నాడు. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది, పిల్లలకు తప్పకుండా చూపించండి.

చలి సంగతి తిరుమలతో పోల్చుకోండి. తిరుమల 850 మీటర్ల పైచిలుకు. డిసెంబర్ వేకువన అక్కడ నిలబడ్డవాళ్లు దానికి ఇంకో నాలుగు వందల మీటర్లు కలుపుకొని, మీద గాలి కూడా వేసుకుంటే సరిపోతుంది.

చిత్తూరు అక్క
నేను ఎండాకాలం పక్షం. మేలో ఒక్కోరోజు సాయంత్రం ఉరుములతో వాన పడుతుంది చూడండి, మన దగ్గర మామిడికాయలు రాల్చేసే గాలివాన, అది కొండ మీద పడిన తర్వాతి గంట కోసం ఎంత దూరమైనా పోవచ్చు. నీలగిరి చెట్ల వాసన లేస్తుంది, గాలి చల్లబడుతుంది, దూరంగా ఊళ్లన్నీ కడిగినట్టు కనిపిస్తాయి. చలికాలంలో ఆ చూపు దొరకదు, పొద్దున తొమ్మిది దాకా పొగమంచులో గాలిబండ దగ్గర పక్క మనిషే కనపడడు. అయితే మేలో మేం దిగిన చోట ఒక పూట నీళ్లు రాలేదు, ట్యాంకర్ వచ్చేదాకా పిల్లలతో చాలా ఇబ్బంది పడ్డాం. గది తీసుకునే ముందు నీళ్ల సంగతి గట్టిగా అడగండి.

పలమనేరు బుల్లెట్
డిసెంబర్ అనగానే అందరూ చలి ఒక్కటే చూస్తారు, మనకు అది వాయుగుండాల కాలం కూడా. నవంబర్, డిసెంబర్లలో ముసురు పట్టిందంటే రోజుల తరబడి వదలదు, కొండ మీద ఏమీ కనపడదు, ఘాట్ రోడ్డు తడిసి జారుతుంది. నేను పుంగనూరు మీదుగా బండి మీద పోతుంటాను. వేకువన మంచులో మలుపు అవతల ఏం వస్తుందో తెలియదు, హారన్ కొట్టుకుంటూ పోవాలి. కార్లో అయితే దిగేటప్పుడు రెండో గేరు, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. నా మాట ఏంటంటే సంక్రాంతి తర్వాత పొండి. వానలు అయిపోయి ఉంటాయి, పచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది, చలి ఉంటుంది కానీ ఆకాశం తేటగా ఉంటుంది. రాత్రి నక్షత్రాలు చూడాలంటే అదే సమయం.

పిట్టల కోసం తిరిగేవాడు
సంక్రాంతి తర్వాత అన్నదానికి నా ఓటు కూడా. ఉత్తరాది నుంచి వచ్చిన వలస పిట్టలు అప్పటికి ఇంకా ఇక్కడే ఉంటాయి. కొండ మీద, కింద రిషి వ్యాలీ వైపు రాళ్ల గుట్టల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట కనిపిస్తుంది. దక్షిణాదిలో ఇలాంటి రాతి కొండల్లో తప్ప వేరే చోట దొరకని పిట్ట అది, దానికోసమే దూరం నుంచి వచ్చేవాళ్లున్నారు. దయచేసి స్పీకర్లు పెట్టకండి, గాలిబండ మీద సీసాలు పగలగొట్టకండి. సెలవుల తర్వాత ఆ బండ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కొర్లగుంట అబ్బాయి
సారుకు, అక్కకు, అందరికీ థ్యాంక్స్. జనవరి చివర్లో, శని ఆదివారాలు కాకుండా అనుకుంటున్నాం. అమ్మ సంగతే ఇంకా తేలలేదు. వేకువన బయటికి రావాలంటే ఎలా?

చిత్తూరు అక్క
అమ్మను వేకువన లేపొద్దు తమ్ముడూ. మీరూ పిల్లలూ పొగమంచు చూసి రండి, ఆమె తొమ్మిదిన్నరకు ఎండ కాచాక వస్తుంది. జనవరిలో పది నుంచి నాలుగు దాకా కొండ మీద ఎండ ఎంత హాయిగా ఉంటుందో, మేలో దాక్కోవాల్సిన ఆ గంటలే చలికాలంలో పెద్దవాళ్లకు మంచి గంటలు. సాయంత్రం అయిదున్నరకల్లా గదికి చేర్చండి. స్వెట్టర్ ఒక్కటే చాలదు, చెవులకు మఫ్లర్, కాళ్లకు సాక్సులు ఉండాలి, ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకోండి. ఆయాసం లాంటిది ఉంటే మాత్రం ముందు డాక్టర్ను అడిగాకే.

మదనపల్లె వాసి
నాన్నగారి మోకాళ్లకు ఇబ్బంది లేదు, చాలా దగ్గరి దాకా కారు పోతుంది. గాలిబండ మీద ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అంచు దాకా వద్దు. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్‌లో గది ముందే బుక్ చేసుకోండి, వేడినీళ్లు ఏ టైముకు వస్తాయో అడగండి. మందులు, పండ్లు, పిల్లల తిండి మదనపల్లెలోనే కొనుక్కోండి, పైన అంగళ్లు తక్కువ. కోతులు ఉంటాయి, సంచులు జాగ్రత్త.

లెక్కల సారు, తిరుపతి
తిరుపతి నుంచి పోయే దారిలో వచ్చే భాకరాపేట ఘాట్ పగటిపూటే దాటేలా బయలుదేరండి. ఉదయం ఏడుకు ఇల్లు వదిలితే పీలేరులో టిఫిను, మధ్యాహ్నం భోజనానికి ముందే కొండ మీద ఉంటారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే, చీకటి పడేదాకా అక్కడ ఉండి బయలుదేరొద్దు.