హెచ్-ఇండెక్స్ చూసి కణజీవశాస్త్రవేత్త కృషిని అంచనా వేయవచ్చా?

మైథిలి (ప్రశ్న):
నేను కణజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేందుకు ఇద్దరు ఆచార్యుల గూగుల్ స్కాలర్ పేజీలను పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఇద్దరి పనీ ఆటోఫేజీ మీదే, అంటే కణం తనలోని పాడైన భాగాలను తానే జీర్ణం చేసుకునే ప్రక్రియ మీద. మొదటివారి హెచ్-ఇండెక్స్ రెండోవారి దానికి దాదాపు రెట్టింపు ఉంది. అయినా రెండోవారి పేపర్లే నన్ను బాగా ఆకట్టుకున్నాయి. ఇలాంటప్పుడు సైటేషన్ల సంఖ్యకు, అంటే ఒకరి పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కకు, ఎంత విలువ ఇవ్వాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

రాఘవేంద్ర:
ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూద్దాం. హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పేపర్లలో కనీసం 40 పేపర్లకు తలా 40 లేదా అంతకు మించి సైటేషన్లు ఉంటే, 41 పేపర్లకు 41 చొప్పున లేకపోతే, వారి హెచ్-ఇండెక్స్ 40. మూడే పేపర్లు రాసి, ఒక్కొక్కదానికి పదేసి వేల సైటేషన్లు పొందినవారికి అది 3 దగ్గరే ఆగిపోతుంది. పైగా ఇది పెరగడమే తప్ప తగ్గదు కాబట్టి, వయసులో పెద్దవారికి సహజంగానే ఎక్కువ ఉంటుంది. మీరు పోల్చిన ఇద్దరూ సొంత ప్రయోగశాల మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో చూశారా?

ఇక మొత్తం సైటేషన్ల విషయం. మీ రంగంలోనే ఆటోఫేజీని ఎలా కొలవాలో చెప్పే మార్గదర్శకాల పత్రం ఒకటుంది. 2016లో వెలువడిన దాని కూర్పుకు 2,000 మందికి పైగా రచయితలు ఉన్నారు. ఆ పత్రాన్ని ఎవరు ఉదహరించినా అంతమంది ఖాతాలోనూ ఒక్కో సైటేషన్ చేరుతుంది. అందువల్ల జాబితాను సైటేషన్ల వరుసలో పెట్టి, మార్గదర్శకాలనూ సమీక్షా వ్యాసాలనూ పక్కన పెట్టి, వారి ప్రయోగశాలలో పుట్టిన పనికి ఎన్ని మిగిలాయో చూడండి.

సుభద్ర:
రాఘవేంద్ర గారి మాటకు ఒక ఉదాహరణ జోడిస్తాను, ఎందుకంటే ఈ రంగం చరిత్రే మీ ప్రశ్నకు జవాబు చెబుతుంది.

జపాన్ కణజీవశాస్త్రవేత్త యోషినోరి ఒసుమి 1988లో, 43 ఏళ్ల వయసులో, టోక్యో విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల మొదలుపెట్టారు. రిక్తికలోని (వాక్యూల్, అంటే ఈస్ట్ కణంలో పాడైనవి జీర్ణమయ్యే సంచి) ప్రోటీన్లను విచ్ఛిన్నం చేసే ఎంజైములు లోపించిన ఈస్ట్‌ను తీసుకుని, దానికి పోషకాలు అందకుండా చేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తే, కొన్ని గంటల్లోనే రిక్తికల నిండా చిన్న చిన్న తిత్తులు పేరుకుపోయి కనిపించాయి. జీర్ణం కావలసినవి జీర్ణం కాక అక్కడే నిలిచిపోయాయన్నమాట. ఇది 1992లో ప్రచురితమైంది. ఆ మరుసటి ఏడాదే, వేలకొద్దీ ఈస్ట్ మ్యూటెంట్లను (జన్యువుల్లో మార్పు వచ్చిన రకాలను) జల్లెడ పట్టి, ఆటోఫేజీకి తప్పనిసరి అయిన 15 జన్యువులను గుర్తించిన పత్రం వచ్చింది. అది అచ్చయింది ఫెబ్స్ లెటర్స్‌లో. మంచి జర్నలే గానీ, పేరు వినగానే నియామక సంఘాలు తలెత్తి చూసే జర్నల్ కాదు.

అప్పట్లో ఆటోఫేజీ మీద పనిచేసేవారే చాలా తక్కువ. ఉదహరించేవారు లేనప్పుడు సైటేషన్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ జన్యువులకు సాటివి క్షీరదాల్లోనూ దొరికి, క్యాన్సర్‌తోనూ నాడీ వ్యాధులతోనూ సంబంధం బయటపడ్డాకే ఈ రంగం పుంజుకుంది. ఇప్పుడు ఏటా వేల పేపర్లు వస్తున్నాయి. ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి లభించింది. జర్నల్ స్థాయికి కొలమానంగా వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంతకు ముందు రెండేళ్లలో వచ్చిన పేపర్లకు అందిన సైటేషన్లనే లెక్కిస్తుంది కాబట్టి, పదేళ్ల తర్వాత వెల్లువెత్తే ఇలాంటి ఆదరణ అందులో ఎప్పటికీ కనబడదు. నాకు బాధ కలిగించేది ఇదే: నెమ్మదిగా ఫలించే పనిని ఎంచుకున్న యువ పరిశోధకులు ఇలాంటి లెక్కల వల్లే ఉద్యోగాలకు దూరమవుతున్నారు.

కామేశ్వరరావు:
పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే అంకెలను పూర్తిగా పక్కన పెట్టేస్తే ఆ స్థానంలోకి వచ్చేది పలుకుబడీ సిఫారసు ఉత్తరాలూ అని కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద పేరు లేని సంస్థ నుంచి వచ్చిన పరిశోధకుడికి, తన పనిని ఇతరులు వాడుతున్నారని చూపడానికి సైటేషన్లే ఆధారం. తప్పంతా, జర్నల్ కొలమానాన్ని తెచ్చి మనిషికి అంటగట్టడంలో ఉంది. దీన్ని వ్యతిరేకిస్తూ 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రకటనకు రూపకల్పన జరిగింది. అది అమెరికా కణజీవశాస్త్ర సంఘం వార్షిక సమావేశంలోనే జరిగిందని మన రంగంవారు ఎందరికి తెలుసో!

మైథిలి:
అందరికీ కృతజ్ఞతలు. సమీక్షలూ మార్గదర్శకాలూ తీసేసి చూస్తే ఇద్దరి మధ్య అంతరం చాలా తగ్గింది. రెండోవారు ప్రయోగశాల పెట్టింది మొదటివారి కంటే చాలా ఏళ్ల తర్వాత.

సుభద్ర:
అయితే ఇంకొక్క పని చేయండి. రెండోవారి ముఖ్యమైన పేపర్‌ను ఉదహరించిన వాటిలో ఓ పది తెరిచి, ఏ వాక్యంలో ఉదహరించారో చదవండి. ఉపోద్ఘాతంలో నలుగురి పేర్లతో కలిపి గుదిగుచ్చితే అది మర్యాద. పద్ధతుల విభాగంలోనో ఫలితాల్లోనో కనిపిస్తే, ఆ పని మీద ఆధారపడి ఎవరో ప్రయోగం చేశారన్నమాట. అలాగే వారి పేపర్లలో మొదటి రచయితలుగా ఉన్న పాత విద్యార్థులకు ఉత్తరం రాయండి. గైడ్ సమయం ఇస్తారా, విఫలమైన ప్రయోగాన్ని ఓపికగా కూర్చుని చర్చిస్తారా అన్నది వారే చెప్పగలరు.