డాక్టర్ దగ్గర నోరు విప్పలేకపోతున్న చెల్లికి ఎలా సాయపడాలి?

మద్దిలపాలెం అక్క:
మా పిన్ని కూతురికి 23 ఏళ్లు. నిద్ర పట్టదు, ఉన్నట్టుండి గుండెదడ, అందుకని ఇక్కడే వైజాగ్‌లో సైకియాట్రిస్టుకి చూపిస్తున్నాం. చిన్నప్పుడు బంధువుల్లో ఒకాయన తనని పాడు చేశాడని ఈమధ్య నాకొక్కదానికే చెప్పింది. డాక్టర్‌కి మాత్రం చెప్పలేదు. ఎలా చెప్తుంది, ప్రతిసారీ పిన్ని పక్కనే కూర్చుని చెల్లిని అడిగినవాటికి కూడా తానే జవాబు చెప్పేస్తుంది, తలుపు దగ్గర చీటీలు పట్టుకుని జనం, డాక్టర్ "ఇంట్లో ఏమైనా టెన్షన్సా?" అంటారు, ఇది "ఏం లేవు సార్" అంటుంది, మాత్రలు మారతాయి. నేనే వెళ్లి చెప్పేయనా? చెప్తే పోలీసు కేసవుతుందని దానికి భయం.

గాజువాక కౌన్సెలర్:
తనని అడక్కుండా మీరు చెప్పకండమ్మా. అప్పుడు జరిగింది తన ఇష్టంతో జరగలేదు, కనీసం ఈ మాట ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది తన చేతిలో ఉండాలి. మీరు చేయాల్సింది పిన్నిని బయటికి తీసుకురావడం. "సార్, తనతో ఒంటరిగా కాసేపు మాట్లాడండి" అని మీరే అడిగి, పిన్నిని మందుల షాపుకి తీసుకెళ్లండి. నోట మాట రాకపోతే కాగితం మీద రాసివ్వమనండి: "చిన్నప్పుడు నాపై లైంగిక వేధింపులు జరిగాయి. వివరాలు ఇవాళ చెప్పలేను. అమ్మకి చెప్పొద్దు." మొదటి రోజుకి అంతే చాలు. అసలు అడగాల్సింది మేము. "టెన్షన్సా" అంటే ఎవరూ చెప్పరు, "చిన్నప్పుడు ఎవరైనా మీకు ఇష్టం లేకుండా ముట్టుకున్నారా, చెప్పాలనిపిస్తేనే చెప్పండి" అని విడిగా, నేరుగా అడిగితే చెప్పేవాళ్లు చాలామంది.

పేరు వద్దు:
నేను ముప్పై దాటాక మా డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, నమ్ముతున్నానమ్మా అని, "ఇది ఫైల్లో రాయనా, వద్దా?" అని నన్నే అడిగారు. ఆ ప్రశ్నతోనే నాకు ధైర్యం వచ్చింది. ఒక్క మాట, చెప్పేస్తే గుండె బరువు దిగిపోతుందంటారు గానీ నాకు మొదటి వారం పీడకలలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆ రాత్రులు తన పక్కనే పడుకోండి. బాగా ఆందోళనగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఏ టైమైనా ఫర్వాలేదు.

లాయర్, సీతమ్మధార:
పేషెంట్ చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. కానీ 18 లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే డాక్టరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి, పోక్సో 2012లో సెక్షన్ 19 అది. మీ చెల్లి ఇప్పుడు పెద్దదే అయినా, "నేను చెప్పింది మీరు ఎవరికైనా చెప్పాల్సి వస్తుందా?" అని ముందే అడిగి తర్వాత నోరు విప్పమనండి. ఇంతకీ ఆయన ఇప్పటికీ చిన్నపిల్లలున్న ఇళ్లకి వస్తూ పోతున్నాడా? అదైతే ఆలస్యం చేయొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మద్దిలపాలెం అక్క:
మా అత్తవాళ్ల మేడమీదే ఉంటున్నాడు. అక్కడ ఏడేళ్ల పాప ఉంది. ఇది నాకు తట్టనే లేదు. ఈ సాయంత్రమే చెల్లితో కూర్చుని మాట్లాడి, 1098కి ఫోన్ నేనే చేస్తాను.