మేకపిల్ల, తల్లిపాలు: ఆ వాక్యం వెనక కారణం ఆరోగ్యమేనా?

మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడకబెట్టకూడదు అన్న ఆజ్ఞ మూడుచోట్ల ఉంది: నిర్గమకాండము 23:19, 34:26, ద్వితీయోపదేశకాండము 14:21. మూడింట్లోనూ ఎందుకో చెప్పలేదు. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే ఇళ్లలో మాంసానికి వేరే గిన్నెలు, పాలకు వేరే గిన్నెలు, మాంసం తిన్నాక పాలు ముట్టడానికి కొన్ని గంటల ఆగుడు (చాలామందికి ఆరు, డచ్ యూదులకు ఒకటే) అంతా ఈ చిన్న వాక్యం మీదే నిలబడింది.

పంది తినకూడదన్న దానితో సహా ఇలాంటి ఆహార నియమాల గురించి చాలామంది "ఇవన్నీ ఆరోగ్య సూత్రాలే" అంటుంటారు. 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడిస్ కూడా దాదాపు అదే అన్నాడు, ఆయన స్వయంగా వైద్యుడు. పంది మురికి జంతువు, పాలతో వండిన మాంసం బరువైన తిండి అన్నాడు, విగ్రహారాధకుల ఆచారం కూడా అయి ఉండొచ్చు అన్నాడు. 15-16 శతాబ్దాల యూదు పండితుడు అబర్బనేల్ దీన్ని గట్టిగా ఖండించాడు: పంది తినేవాళ్లు బాగానే ఉన్నారు, విషపు మొక్కల గురించేమో తోరా (ఈ ఆజ్ఞలున్న బైబిలు మొదటి ఐదు పుస్తకాలు) మాట్లాడలేదు, తోరాను ఒక చిన్న వైద్యగ్రంథం చేసేయకండి అని. నాకు అబర్బనేలే సరి అనిపిస్తాడు. లేవీయకాండము 11లో తోరా తానే చెప్పిన కారణం "నేను పరిశుద్ధుడను గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలి" అన్నదే, అక్కడ రోగాల ఊసు లేదు.

విగ్రహారాధన వాదానికి ఉగరిత్ (సిరియా తీరంలోని ప్రాచీన నగరం) మట్టిపలకలో రుజువు దొరికిందని 1930లలో అనుకున్నారు. పలక అక్కడ దెబ్బతిని ఉంది, ఖాళీని పూరించి చదివారు, ఇప్పుడు ఆ పాఠాన్ని ఎక్కువమంది పండితులు ఒప్పుకోరు.

నన్ను నిజంగా కదిలించేది ఇంకో దారి. తల్లినీ పిల్లనూ ఒకేరోజు వధించకూడదు (లేవీయకాండము 22:28), గూట్లో పిల్లల్ని తీసుకుంటే తల్లిపిట్టను వదిలేయాలి (ద్వితీయోపదేశకాండము 22:6-7). మేకపిల్ల ఆజ్ఞను ఈ రెండిటితో కలిపి చదివితే, పిల్లకు ప్రాణం పోసిన పాలలోనే దాన్ని ఉడికించడం ఎంత క్రూరమో వేరే చెప్పాలా? 12వ శతాబ్దపు వ్యాఖ్యాత రష్బామ్ ఇలాగే చదివాడు. కానీ మిష్నా (రబ్బీల పాత ధర్మశాస్త్ర సంకలనం) ఇక్కడ అడ్డుపడుతుంది: "పిట్టగూటి దాకా నీ కరుణ చేరుతుంది" అని ప్రార్థించేవాడి నోరు మూయించమంటుంది! దానికి తాల్ముద్ (మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథం) ఇచ్చే వివరణల్లో ఒకటి, అవి ఆజ్ఞలు, వాటిని జాలిగా మార్చేస్తున్నాడని. దయ కనిపిస్తూనే ఉంటుంది, ఆజ్ఞ మాత్రం దయ మీద ఆధారపడదు. ఈ రెండూ కలిపి పట్టుకోవడమే ఈ వాక్యంలోని అసలు కష్టం, అందం కూడా.

మరి కోడిమాంసం కూడా పాలతో కూడదా అంటే: కోడికి తల్లిపాలే లేవు కదా అని గలిలయ రబ్బీ యోసే వాదించాడు. ఆయన మాట నెగ్గలేదు, అయినా ఆయన ఊళ్లో కోడిమాంసం పాలతో తినేవారని తాల్ముద్ దాచకుండా రాసింది.

కొబ్బరిపాలకు అభ్యంతరం లేదు, కొచ్చి యూదులు వాటితోనే మాంసం కూరలు వండేవారు. 16వ శతాబ్దంలో పోలండ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ అయితే బాదంపాలలో మాంసం వండినప్పుడు పక్కన బాదంపప్పులు పెట్టమన్నాడు, చూసినవాళ్లు మామూలు పాలనుకోకుండా.