అప్‌డేట్: అమెరికన్ పైలట్ డాన్ కర్టిన్ పేరు కెనడా జాబితాలో ఎందుకుందంటే

మొన్న అడిగాను కదా, రెండో ప్రపంచ యుద్ధంలో లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబర్ విమానం నడుపుతూ చనిపోయిన ఈ న్యూయార్క్ కుర్రాణ్ణి కెనడా వైమానిక దళం మనిషిగా ఎందుకు రాశారని. జవాబు దొరికింది, చెప్పినవాళ్లకు థ్యాంక్స్.

1941లో అతను, స్నేహితుడు జో మెకార్తీ సరిహద్దు దాటి కెనడా దళంలో చేరారు. పెర్ల్ హార్బర్ దాడి అప్పటికింకా జరగలేదు, అమెరికా యుద్ధంలో లేదు. ఇలా చేరిన అమెరికన్లు సుమారు 9 వేల మందట! తర్వాత సొంత దేశ దళానికి మారే వీలిచ్చినా కొందరు మారలేదు. నాకైతే ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

కర్టిన్ బ్రిటన్‌లోని 106వ స్క్వాడ్రన్‌లో పనిచేశాడు. యుద్ధ విమాన సిబ్బంది సాహసానికిచ్చే డీఎఫ్‌సీ పతకం రెండుసార్లు వచ్చింది. 1943 ఫిబ్రవరిలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌పై దాడికి వెళ్లి తిరిగి రాలేదు. మెకార్తీ మాత్రం ఆ మే నెలలో జర్మనీ ఆనకట్టలపై జరిగిన ‘డ్యామ్‌బస్టర్స్’ దాడికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాడు.